లిబర్టీ విగ్రహం: టికెట్టు దగ్గర జాగ్రత్త, మ్యూజియం మాత్రం వదలొద్దు

న్యూయార్క్ బ్యాటరీ పార్కులో అడుగుపెట్టగానే మెళ్ళో కార్డులు వేసుకున్నవాళ్ళు చుట్టుముట్టి పడవ టికెట్టుకి మనిషికి 45 డాలర్లు అడిగారు. ఆ పడవ విగ్రహమున్న దీవిలో ఆగనే ఆగదు, దూరం నుంచి చూపించి వెనక్కి తెస్తుంది. ఎండలో నిలబడ్డ పెద్దవాళ్ళకి అబద్ధం చెప్పి అమ్ముతుంటే ఒళ్ళు మండింది. దీవిలో దించేవి స్టాట్యూ సిటీ క్రూజెస్ పడవలే. మాకు టికెట్టు 25 డాలర్లు, 62 దాటిన నాన్నకి 22. న్యూజెర్సీలో ఉండేవాళ్ళు జెర్సీ సిటీ వైపున లిబర్టీ స్టేట్ పార్కులో ఎక్కితే సరి.

అదే టికెట్టు మీద మ్యూజియం చూడొచ్చు. విగ్రహం చేసిన బార్తోల్డి పనితనం తెలిసేది అక్కడే. 1834లో ఫ్రాన్సులోని కోల్మార్‌లో పుట్టిన ఈ శిల్పి, సూయజ్ కాలువ దగ్గర దీపం పట్టుకున్న స్త్రీ విగ్రహం పెడతానని 1869లో అడిగితే ఈజిప్టు పాలకుడు కాదన్నాడు. భారీ విగ్రహం చెయ్యాలన్న పట్టు మాత్రం పోలేదు.

అసలులో పదహారో వంతు ప్లాస్టర్ నమూనా ఎత్తు 2.86 మీటర్లు. దాన్ని నాలుగింతలు చేసి, మళ్ళీ ముక్కలుముక్కలుగా నాలుగింతలు పెంచారు. ప్రతి ముక్కకీ గుండు కట్టి వేలాడదీసిన దారాలతో వేల కొలతలు. ఆ ప్లాస్టర్ మీద చెక్క అచ్చులు బిగించి, వాటిలో రాగి రేకు పెట్టి సుత్తులతో కొట్టారు. మన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద చేసే నగిషీ కూడా సుత్తిదెబ్బల పనే. ఇక్కడ రేకు మందం 2.4 మిల్లీమీటర్లే! నాన్న అసలు కొలతలో చేసిన పాదం దగ్గర్నుంచి కదల్లేదు.

లోపల ఇంజనీరు ఈఫెల్ వేసిన ఇనుప చట్రం. ఇనుమూ రాగీ తగలకుండా మధ్యలో లక్క పట్టించిన ఆస్‌బెస్టాస్ పెట్టారు. అది అరిగాక ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, రివెట్లు ఊడాయి. 1980ల మరమ్మతులో రేకుని పట్టి ఉంచే ఇనుప కడ్డీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు వేశారు. పాత కాగడా మ్యూజియంలోనే ఉంది, తప్పకుండా చూడండి. 1916లో దాని రాగిని కోసి అద్దాలు బిగించారు. ఆ సందుల్లోంచే నీళ్ళు దిగి పాడైంది. ఇప్పుడు పైనున్నది బార్తోల్డి మొదట అనుకున్నట్టే అద్దాల్లేకుండా బంగారు రేకు తొడిగిన రాగి జ్వాల.

కిరీటానికి పీఠం పైనుంచి 162 ఇరుకు మెట్లు, లిఫ్టు లేదు. టికెట్లు చాలా ముందే అయిపోతాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలాంటివాళ్ళకి పీఠం టికెట్టు చాలు. అక్కడిదాకా లిఫ్టు ఉంది, అద్దం కప్పులోంచి చట్రం కనిపిస్తుంది.