టెహమానకి ఎంతమంది అమ్మానాన్నలు: షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో తప్పక చూడాల్సిన బొమ్మ

షికాగో వచ్చే మనవాళ్లు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి ఎక్కువగా వివేకానందుడి కోసం వెళ్తారు. 1893లో ఆయన ప్రసంగించింది ఆ భవనంలోనే. ఆ చోటు చూసుకున్నాక ఫ్రెంచ్ చిత్రకారుడు గోగాన్ బొమ్మల దగ్గరికి కూడా వెళ్లి రండి. అదే 1893లో గోగాన్ పసిఫిక్ ద్వీపం తాహితీలో వేసిన టెహమాన అనే అమ్మాయి బొమ్మ అక్కడుంది. నా టికెట్ డబ్బులకి అదొక్కటి చాలు.

ఒంటి మీద చారల గౌను, మిషనరీలు అలవాటు చేసిన మెడదాకా మూసుకునే రకం. చేతిలో అల్లిన విసనకర్ర, పక్కన రెండు మామిడిపళ్లు. వెనక గోడ మీద ఒక దేవత, ఈస్టర్ ద్వీపపు లిపిని పోలిన గీతలు. ఆ లిపిని ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. కింద ఎడమ మూల పేరు: 'మెరాహి మెటువా నో టెహమాన'.

మ్యూజియం వాళ్లు దీనికి రెండు అర్థాలిచ్చారు. 'టెహమానకి చాలామంది తల్లిదండ్రులు' అని ఒకటి, 'టెహమాన పూర్వీకులు' అని ఇంకొకటి. ఏదో ఒకటే ఖాయం చేసి చేతులు దులుపుకోకపోవడం నాకు బాగా నచ్చింది. మెరాహి అంటే చాలామంది, నో అంటే 'యొక్క'. చిక్కంతా మెటువా దగ్గరే.

"తల్లిదండ్రులు చాలామంది ఏంటే?" అంది అమ్మ.

"కన్నవాళ్లే కాదు, వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా మెటువాలేనమ్మా వాళ్లకి."

"మరి మనకి మాత్రం పెద్దమ్మ, పిన్ని అమ్మలు కారూ?" అనేసి పక్క బొమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

అమ్మ అన్నది చాలావరకు నిజమే. కాకపోతే మనం మేనమామని, మేనత్తని వేరే వరసలో పెడతాం, తాహితీలో వాళ్లూ మెటువాలే. పైగా పిల్లల్ని చుట్టాలకి పెంపకానికివ్వడం అక్కడ మామూలు. టెహమాన గురించి గోగాన్ రాసుకున్నదాంట్లో కన్నతల్లీ ఉంది, పెంచిన తల్లీ ఉంది. తను ఇంటికి తెచ్చుకునేనాటికి ఆ పిల్లకి పదమూడేళ్లని కూడా ఆయనే రాశాడు. ఆయనకి అప్పటికే నలభై దాటాయి. అందుకే రెండు అర్థాల్లో నా మనసు మొదటిదానికే ఓటేస్తుంది. గోడ మీది దేవతనీ ఆ పాత గీతల్నీ చూస్తే 'పూర్వీకులు' అన్నదే సరిపోతుందని తెలుసు. అయినా గౌను బిగించుకుని సూటిగా చూస్తున్న ఆ చిన్నపిల్లకి ఇంతమంది అమ్మానాన్నలున్నారని బొమ్మ మీదే రాసి ఉండటం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టేసింది.

ఇంటికొచ్చాక మ్యూజియం వాళ్ల గోగాన్ కేటలాగ్ ఆన్‌లైన్‌లో చదివాను. ఉచితమే. బొమ్మని బాగా పెద్దది చేసుకుని చూడొచ్చు. పరిశోధకుల కోసం రాసింది కాబట్టి తీరిక చూసుకుని లాప్‌టాప్‌లో తెరవండి. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి మ్యూజియంలో టికెట్ లేదు. ఒక్కోసారి బొమ్మలు వేరే ఊళ్లలో ప్రదర్శనలకి వెళ్తుంటాయి, ఏ గదిలో ఉందో వెబ్‌సైట్‌లో చూసుకుని మరీ బయల్దేరండి.