పిత్తనాళంలో పెద్ద రాయి ఉందా? ప్యాకేజీకి ఒప్పుకునే ముందు ఇది చదవండి

నాన్నకి పచ్చకామెర్లు వస్తే ఎంఆర్‌సీపీ (పిత్తనాళాన్ని చూపించే ఎంఆర్‌ఐ స్కాన్) తీయించాం. పిత్తనాళంలో, అంటే కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం వెళ్లే గొట్టంలో, 18 మిల్లీమీటర్ల రాయి. "కోత లేకుండా ఎండోస్కోపీతో ఒక్క సిట్టింగ్‌లో తీసేస్తాం" అని ప్యాకేజీ చెప్పారు. సంతకం పెట్టేశాం.

గంటన్నర తర్వాత డాక్టరు బయటికొచ్చి, "రాయి పెద్దది, రాలేదు. స్టెంట్ వేశాం" అని చెప్పి వెళ్లిపోయారు. స్టెంట్ అంటే పైత్యరసం పారడానికి నాళంలో పెట్టే సన్నటి గొట్టం. పచ్చదనం తగ్గింది కదా, గండం గడిచిందనుకున్నాం. అది ప్లాస్టిక్ స్టెంట్ అనీ, సుమారు మూడు నెలల్లో తీయడమో మార్చడమో చేయాలనీ ఎవరూ చెప్పలేదు. ఐదో నెలలో ఒక రాత్రి, మూడు దుప్పట్లు కప్పినా నాన్నకి వణుకు ఆగలేదు. కళ్లు మళ్లీ పసుపు. స్టెంట్ పూడుకుపోయి నాళంలో ఇన్‌ఫెక్షన్, నేరుగా ఐసీయూ. తర్వాత డిశ్చార్జ్ సమ్మరీ తిరగేస్తే నాలుగో పేజీలో, మందుల పట్టిక కింద, చిన్న అక్షరాల్లో "స్టెంట్ ఇన్ సిటు, రివ్యూ" (స్టెంట్ లోపలే ఉంది, మళ్లీ వచ్చి చూపించుకోవాలి) అని ఉంది. తేదీ లేదు.

రాయి రాలేదని నా కోపం కాదు. 15 మిల్లీమీటర్లు దాటితే కష్టమైన రాయి కిందే లెక్క, చేయి తిరిగినవాళ్లకీ మొదటిసారే రాకపోవచ్చు. అప్పుడు స్టెంట్ వేసి పైత్యరసానికి దారివ్వడం సరైన పనే. కానీ ఆ కొలత ముందే రిపోర్టులో ఉంది కదా! ఇలాంటి రాయికి నాళం మూతిని పెద్ద బెలూన్‌తో వెడల్పు చేస్తారు, లేదా రాయిని తీగబుట్టలో పట్టి లోపలే నలగ్గొడతారు. అదీ కుదరకపోతే సన్నటి కెమెరాను నాళంలోకి పంపి, చూస్తూ లేజర్‌తో పగలగొడతారు. ఆ కెమెరా, లేజరు ఆ మొదటి ఆసుపత్రిలో లేనే లేవు. ఆ మాట సంతకానికి ముందు చెబితే వేరే చోటికి వెళ్లేవాళ్లం. చివరికి రెండో ఆసుపత్రిలో లేజర్‌తోనే ముక్కలు చేసి తీశారు. (ఈ ఎండోస్కోపీ వల్ల క్లోమం వాపు రాకుండా ఇచ్చే ఇండోమెథాసిన్ అనే మందు మాత్రం మొదటి చోటా ఇచ్చారు. అది ఒప్పుకోవాలి.)

ఒప్పుకునే ముందు రాయి రాకపోతే ఏం చేస్తారో, పగలగొట్టే పరికరం ఉందో లేదో, రెండో సిట్టింగ్, స్టెంట్ తీయడం ప్యాకేజీలో ఉన్నాయో లేదో అడగండి. మాకు లేవు, మళ్లీ మొత్తం కట్టాం. స్టెంట్ వేస్తే, తీసే తేదీ రాసిచ్చేదాకా డిశ్చార్జ్ కావొద్దు.

స్టెంట్ ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే పారాసిటమాల్ ఇచ్చి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. మేం అలాగే అనుకున్నాం.