పాత పికప్ హీటర్ బ్లోయర్: మోటర్ గట్టిదే, ప్లగ్గే కొంప ముంచుతుంది

నాబ్, రిలే (పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), రెసిస్టర్ (కరెంటుకి అడ్డుపడి స్పీడు తగ్గించేది), మోటర్. పాత పికప్‌లో క్యాబిన్‌లోకి గాలి కొట్టే ఫ్యాన్, అదే బ్లోయర్, అంటే ఇంతే. కంప్యూటర్ జోక్యం లేదు, స్క్రూడ్రైవరూ మీటరూ చేతిలో ఉంటే ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు. ఇన్నేళ్లు వాడాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ రెసిస్టర్‌కి తగిలించే ఆ బుల్లి ప్లగ్ ఉంది చూశారూ, దాన్ని మాత్రం క్షమించలేను.

ముందు ఒకటో స్పీడు పోయింది. తర్వాత రెండు, ఆపైన మూడు. చివరికి నాబ్ నాలుగు మీద పెడితేనే గాలి. ఇది వినగానే ఎవరైనా రెసిస్టర్ అనే చెబుతారు, తప్పేం లేదు. కింది మూడు స్పీడుల్లో కరెంటు రెసిస్టర్ చుట్టల్లోంచి వెళ్తుంది. నాలుగులో దాన్ని తప్పించుకుని రిలే ద్వారా నేరుగా మోటరుకు అందుతుంది. అదే మూడూ బాగుండి నాలుగు ఒక్కటే పోతే రిలే, దాని ఫ్యూజు, నాబ్ వెనక స్విచ్చి చూడాలి. రెసిస్టర్ జోలికి పోనక్కర్లేదు.

రెసిస్టర్ మార్చడం పది నిమిషాల పని. గ్లవ్‌బాక్స్ వెనక, గాలి పోయే డబ్బాకి రెండు స్క్రూలతో ఉంటుంది. నాలుగు స్పీడులూ వచ్చాయి. మూడు నెలలకి మళ్లీ పాత పాటే. ఈసారి ప్లగ్ లాగితే రాలేదు. గట్టిగా లాగితే రెసిస్టర్ పిన్ను ఒకటి విరిగి ప్లగ్‌లోనే ఉండిపోయింది. ప్లాస్టిక్ ఒక మూల గోధుమరంగుకి తిరిగి, కరిగి, గడ్డకట్టింది. లోపల పిన్నుని పట్టుకునే రేకు, అంటే టెర్మినల్, నల్లబడి, పట్టు వదిలేసి, పిన్ను చుట్టూ వదులుగా ఆడుతోంది. మొదటిసారే దాన్ని తిప్పి చూసుంటే కొత్త రెసిస్టర్ మిగిలేది.

లెక్క చూస్తే ఆశ్చర్యమేం లేదు. మూడో స్పీడులో 12 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. వదులైన పిన్ను దగ్గర 0.1 ఓమ్ అడ్డం పడితే చాలు, 14 వాట్ల పైన వేడి. అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని ప్లగ్‌లో దోపి వదిలేసినట్టే. వేడెక్కిన కొద్దీ టెర్మినల్ ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. అందుకే రెసిస్టర్‌తో పాటు ప్లగ్ కూడా, వైర్లతో సహా వచ్చేదే కొనండి. వైరు పాతదానికన్నా సన్నగా ఉండకూడదు. నల్లబడిన రాగిని మంచి రాగి కనిపించేదాకా కోసి, క్రింప్ చేసి (లోహపు తొడుగులో నొక్కి బిగించి), హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేయాలి. రెసిస్టర్ మీద, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజుని వైరుముక్కతో కలిపేసే చిట్కా ఒకటి తిరుగుతోంది. డ్యాష్‌బోర్డు లోపల నిప్పు పెట్టుకోవడమే అది. 30 ఆంపియర్ల ఫ్యూజు తీసి 40 వేయడమూ అంతే.

ప్లగ్‌ని తిట్టాను కానీ తప్పంతా దానిదీ కాదు. పాత పికప్‌లలో చాలావాటికి క్యాబిన్ ఫిల్టర్ ఉండదు. ముందు అద్దం కింది జాలీలోంచి ఆకులు నేరుగా బ్లోయర్ చక్రంలో పడతాయి. మోటర్ ఇరుసు తిరిగే బుష్‌లు ఎండి, చక్రం బరువెక్కితే మోటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది; రెసిస్టర్‌ని చల్లబరచాల్సిన గాలేమో తగ్గుతుంది. మోటర్ విప్పి చక్రాన్ని చేత్తో తిప్పండి. వదిలాక తేలిగ్గా కొన్ని చుట్లు తిరగాలి. టక్కున ఆగినా, కీచుమన్నా కొత్త రెసిస్టర్ కూడా ఎక్కువకాలం ఉండదు. పాత చక్రాన్ని కొత్త మోటరుకు ఎక్కించేటప్పుడు ఇరుసు మీద అది ఎంత లోతున ఉందో ముందే గుర్తు పెట్టుకోండి, లేకపోతే డబ్బాకి రాసుకుంటుంది.

ఏ స్పీడూ పనిచేయకపోతే దారి వేరు. ఫ్యూజు రెండు కాళ్ల దగ్గరా వోల్టేజి చూశాక మోటర్ ప్లగ్ తీసి, నాబ్ నాలుగు మీద పెట్టి, దాని రెండు పిన్నుల మధ్య 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు కలపండి. ఉత్త మీటరుని నమ్మొద్దు: ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకి 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు దగ్గర మాత్రం దొరికిపోతుంది. బల్బు ఒక కాలు బాడీకి కలిపినా మోసపోతారు. కొన్ని బళ్లలో మోటరుకి ప్లస్ నేరుగా వస్తుంది, స్విచ్చీ రెసిస్టరూ ఎర్త్ వైపు ఉంటాయి. బల్బు తెల్లగా వెలిగితే తప్పు మోటర్‌దే. స్క్రూడ్రైవర్ పిడితో మోటర్ మీద తట్టినప్పుడు తిరిగితే మోటర్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయని అర్థం, ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే. బల్బు మసకగా వెలిగితే, అది వెలుగుతుండగానే ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే అటువైపు ఎక్కడో తుప్పు, లేదా కాలిన స్విచ్చి.

కొత్త ప్లగ్, కొత్త మోటర్ వేశాక రెండు చలికాలాలు గడిచాయి, మూడో స్పీడులో అరగంట నడిపాక ముట్టుకున్నా ప్లగ్ గోరువెచ్చగానే ఉంటోంది. నా బండి తెల్లవారకముందే రోడ్డెక్కుతుంది, బ్లోయర్ లేకపోతే అద్దం మీది ఆవిరి పోదు. కాబట్టి నాకు ఇంత శ్రమా గిట్టుబాటైంది. ఎండ వచ్చాకే బండి తీసేవాళ్లకి మోటర్ మార్పు ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదేమో. ప్లగ్ మాత్రం ఒకసారి ఊడదీసి రంగు చూడండి.