పాత పికప్ తలుపులో నీళ్ళు: మూడు వానాకాలాలు వాడాక బ్యూటైల్ టేపు మీద నా మాట

మా పికప్ 2008 మోడల్. నాన్న కొన్న బండి. మా ఊరి రైతుల కూరగాయలు వేసుకుని ఆనందపురం మీదుగా తెల్లారేలోగా విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారుకి చేరడం దాని రోజూ పని. నాలుగేళ్ళ కిందట అక్టోబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు ఎడతెగని వాన. మూడో రోజు పొద్దున్న ఎడమ తలుపు తీసి మ్యాటు ఎత్తితే కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి. మ్యాటు కిందున్న గుడ్డ పిండితే అర బకెట్టు నిండింది. రేకు మీద అప్పటికే తుప్పు పొక్కులు. మా ఇల్లు భీమిలి రోడ్డుకి దగ్గర, ఇరవైనాలుగు గంటలూ ఉప్పుగాలే. తడి నిలిచిన రేకు ఇక్కడ ఎన్నాళ్ళో బతకదు. నాకు నిజంగా భయమేసింది.

మొదట అందరూ చేసే పనే చేశాను. తలుపు చుట్టూ రబ్బరు బీడింగు కొత్తది వేయించాను. వచ్చే వానకి మళ్ళీ అదే తడి. ఇంకో షాపులో చూపిస్తే తలుపు అడుగు అంచంతా సిలికాన్ పూసి పంపారు. ఆ తర్వాత తలుపు వేసినప్పుడల్లా లోపల నీళ్ళు గలగలమనేవి. నీళ్ళు బయటికి పోయే కన్నాలు మూసుకుపోయాయని అప్పుడు నాకు తెలీదు.

దారి చూపించింది కంచరపాలెంలో టింకరింగ్ చేసే ఒక పెద్దాయన. బండి చుట్టూ తిరిగి చూసి, "ఏటి బాబూ, తలుపు ఇప్పకుండా రబ్బరు మారిసేస్తే నీళ్ళు ఆగుతాయేటి?" అన్నారు. ఆయన చెప్పింది ఇది. అద్దానికీ బయటి రేకుకీ మధ్యనున్న రబ్బరు పట్టీ నీళ్ళని పూర్తిగా ఆపలేదు. అద్దం మీంచి జారిన నీళ్ళు కొంత ఎప్పుడూ తలుపు కడుపులోకి దిగుతాయి, అడుగున కన్నాల్లోంచి రోడ్డు మీదకి కారిపోతాయి. కొత్త బండికైనా అంతే. ఆ కడుపుకీ మన మోకాలికీ మధ్య అడ్డుగా ఉండేది డోర్ ప్యాడ్ (తలుపుకి లోపలివైపు బిగించే పలక) వెనక అతికించిన పాలిథిన్ షీటు. అది చిరిగినా, జిగురు ఎండి వదిలేసినా నీళ్ళు ప్యాడ్ మీదుగా మ్యాటు కిందికి చేరతాయి.

ఆ ఎండాకాలం మే నెలలో నేనే ప్యాడ్ విప్పాను. అద్దం దింపే హ్యాండిల్ వెనక గుర్రపునాడా ఆకారంలో క్లిప్పు ఉంటుంది. హ్యాండిల్ వెనక గుడ్డపీలిక దూర్చి అటూ ఇటూ రుద్దుతూ లాగితే ఊడి వస్తుంది. ఎగిరి ఎక్కడో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోండి. లోపల చూస్తే షీటు అడుగు భాగం వేలాడుతోంది. ఎప్పుడో స్పీకరు పెట్టినవాళ్ళు బ్లేడుతో కోసి అలాగే వదిలేశారు. కన్నాల్లో సిలికాను, దాని మీద ఎర్రమట్టి. సన్నని కడ్డీతో పొడిస్తే బురదనీళ్ళు చాలాసేపు కారాయి.

పాత జిగురు గీకి, గాలాడే చోట పెట్రోలు గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, సెంటీమీటరు వెడల్పు బ్యూటైల్ టేపు (ఎండి గట్టిపడకుండా జిగటగానే ఉండే రబ్బరు టేపు) అంచు పొడవునా ఎక్కడా తెగకుండా వేశాను. మొదటిసారి పల్చటి షీటు వాడాను, ప్యాడ్ క్లిప్పుల దగ్గర చిరిగింది. రెండోసారి మందపాటిది వేశాను, అదే ఇప్పటికీ ఉంది. అన్నిటికంటే ముఖ్యం షీటు అడుగు అంచు. దాన్ని తలుపు కడుపులోకి దోపాలి. పెంకుటింటి చూరు మీద పై పెంకు కింది పెంకు మీదకి వాలినట్టు, షీటు మీద పడ్డ బొట్టు లోపలికే జారాలి. అడుగు అంచుని ప్యాడ్ వైపు వదిలేస్తే ఎంత టేపు వేసినా వృథా.

ఇప్పటికి మూడు వానాకాలాలయ్యాయి. ఎడమ మ్యాటు కింద పొడిగా ఉంది. మధ్యలో అద్దం యంత్రం పాడై మళ్ళీ విప్పాల్సి వచ్చింది. మెల్లగా లాగితే షీటు చిరక్కుండా వచ్చింది, పని అయ్యాక అదే టేపు మీద నొక్కితే తిరిగి అంటుకుంది. సిలికాన్ అయితే ఇది కుదరదు, పైగా వెనిగరు వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదిలి వట్టి రేకుని తినేస్తుంది. బ్యూటైల్‌కీ ఇబ్బందులున్నాయి. మే ఎండకి మెత్తబడి తీగలా సాగుతుంది, చేతికంటితే నలుపు ఓ పట్టాన వదలదు, దుమ్మున్న రేకు మీద అసలు అంటదు.

కుడి తలుపు సంగతి వేరు. అక్కడ షీటు బాగానే ఉంది. తలుపుకీ బీడింగుకీ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగితే వెనక పైమూల దగ్గర సులువుగా వచ్చేసింది. బీడింగుకి సుద్దముక్క రుద్ది తలుపు వేసి చూస్తే అక్కడే గీత తెగింది. అంటే ఆ మూల తలుపు రబ్బరుని నొక్కడం లేదు. హింజ్ పిన్నులు అరిగి తలుపు జారింది. పిన్నులు మార్చి, లాక్ పట్టే కొక్కేన్ని కాస్త లోపలికి జరిపితే సర్దుకుంది. నీళ్ళు పోసి చూసేటప్పుడు పైపు ఒత్తిడి తగ్గించి, కింద మొదలుపెట్టి మెల్లగా పైకి రండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చోవాలి. ముందే పైనుంచి పోస్తే అంతా తడిసి ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు. నేను అలాగే ఒక ఆదివారం పాడుచేసుకున్నాను. డ్రైవరు ఎదురుగా ఉండే పెద్ద అద్దం మూల నుంచి దిగిన నీటిని తలుపు నీరనుకున్నాను.

ఇప్పుడు రెండు నెలలకోసారి కన్నాలు కడ్డీతో పొడుస్తాను, బీడింగుకి సిలికాన్ గ్రీజు రాస్తాను. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. కుడివైపు బయటి గ్లాసు రబ్బరు మాత్రం బాగా గట్టిపడింది, ఏటవాలు వానలో తలుపు కడుపులోకి నీళ్ళు ఎక్కువే దిగుతున్నాయి. జూన్‌లోగా దాన్ని మార్చాలి.