ఖర్దుంగ్ లా రన్‌కి సిద్ధమవుతున్నారా? ఈ "ఆల్టిట్యూడ్ కిట్" మాత్రం కొనకండి

సెప్టెంబర్‌లో జరిగే లద్దాఖ్ మారథాన్‌కి, అందులోనూ ఖర్దుంగ్ లా ఛాలెంజ్‌కి ప్రాక్టీస్ చేస్తున్న మన తెలుగు రన్నర్లందరికీ ఇది ఒక హెచ్చరిక. "ఇంట్లోనే హిమాలయాల ట్రైనింగ్", "లేహ్‌లో రెండు రోజులుంటే చాలు" అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక కిట్ అమ్ముతున్నారు. ముఖానికి కట్టుకునే మాస్క్, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేదని వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్, ఆక్సిజన్ డబ్బా, ఒక పీడీఎఫ్ ప్లాన్, అన్నీ కలిపి 14,500 రూపాయలు. నేను కొన్నాను. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, ఆ కిట్‌ని నమ్మి కొండెక్కితే ప్రాణాల మీదికి రావడం ఇంకో ఎత్తు. ఈ పోస్టు రాస్తున్నది ఆ రెండోదాని కోసమే.

ఈ రేసు గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. మొత్తం 72 కిలోమీటర్లు. దాదాపు 4,000 మీటర్ల ఎత్తున్న ఖర్దుంగ్ గ్రామంలో తెల్లవారుజామున మూడింటికి చీకట్లో మొదలవుతుంది. అక్కడి నుంచి 32 కిలోమీటర్లు ఎక్కుతూనే ఉండాలి. పైన ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు సుమారు 5,360 మీటర్లు. (18,380 అడుగులని చాలా ఏళ్లుగా బోర్డుల మీద రాస్తూ వచ్చారు గానీ, జీపీఎస్‌తో కొలిస్తే తేలింది 17,582 అడుగులు. తగ్గినా మన ఊపిరితిత్తులకు అదేమీ చిన్న ఎత్తు కాదు.) కనుమ దాటాక సౌత్ పుల్లు మీదుగా లేహ్‌కి 40 కిలోమీటర్ల దిగుడు.

వాలు చూస్తే సగటున నూటికి నాలుగే. అలిపిరి మెట్లు ఎక్కిన కాళ్లకు అది పెద్ద లెక్క కాదు. అక్కడ కష్టమంతా గాలితోనే. హైదరాబాద్ ఉన్నది సుమారు 540 మీటర్ల ఎత్తున. తూర్పు కనుమలన్నీ వెతికినా మన రెండు రాష్ట్రాల్లో 1,700 మీటర్లు దాటే కొండ ఒక్కటీ లేదు. అనంతగిరిలో ఎంత పరిగెత్తినా, హార్సిలీ హిల్స్ ఘాట్ ఎన్నిసార్లు ఎక్కినా ఆ పల్చటి గాలి ఇక్కడ దొరకదు. ఆ టెన్షన్ ఇక్కడి ప్రతి రన్నర్‌కీ ఉంటుంది. ఈ అమ్మకం నడుస్తున్నదే ఆ టెన్షన్ మీద.

ముందు మాస్క్ సంగతి. ముక్కూ నోరూ కప్పే నల్లటి రబ్బరు తొడుగు, ముందు భాగంలో గుండ్రటి మూత. ఆ మూత మీద 3,000 నుంచి 18,000 వరకు అడుగుల అంకెలున్నాయి. తిప్పి 18,000 దగ్గర పెడితే ఖర్దుంగ్ లా మీద పరిగెత్తినట్టేనని వాళ్ల వీడియోలో చెప్పారు. మూత ఊడదీసి చూశాను. లోపల చిల్లులున్న ప్లాస్టిక్ బిళ్ల ఒకటుంది. అంకె పెరిగేకొద్దీ ఒక్కో చిల్లు మూసుకుంటుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. గాలి లోపలికి రావడం కష్టమవుతుంది, నిజమే. కానీ వచ్చే గాలి హైదరాబాద్ గాలే.

ఈ తేడా అందరికీ తెలియాలి. గాలిలో ఆక్సిజన్ వాటా గచ్చిబౌలిలోనైనా ఖర్దుంగ్ లా మీదనైనా ఒకటే, దాదాపు 21 శాతం. పైకి వెళ్లేకొద్దీ తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టం దగ్గర పాదరసం 760 మిల్లీమీటర్లుంటే, లేహ్‌లో సుమారు 500, కనుమ మీద 400 దరిదాపుల్లో ఉంటుంది. అంటే పైన ఒక్కో శ్వాసలో దొరికే ఆక్సిజన్ ఇక్కడ దొరికేదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆ లోటు తగిలినప్పుడే ఒంట్లో మార్పులు మొదలవుతాయి. ముందు ఊపిరి వేగం పెరుగుతుంది. దానివల్ల రక్తంలో వచ్చిన తేడాని సరిచేయడానికి కిడ్నీలకు కొన్ని రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగాలంటే వారాలు కావాలి. చిల్లు మూసిన మాస్క్‌తో వీటిలో ఒక్కటీ జరగదు. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ లా క్రాస్‌లో ఇలాంటి మాస్క్‌నే పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఆరు వారాలు మాస్క్‌తో సైకిల్ తొక్కించినా రక్తం పరీక్షల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇది ఎత్తు ప్రదేశాన్ని అనుకరించే పరికరం కాదు, మహా అయితే ఊపిరి కండరాలకు వ్యాయామం ఇచ్చేది అని తేల్చారు. ఆ కండరాల కోసమే కొంటానంటే కొనుక్కోండి, అభ్యంతరం లేదు. కానీ "లేహ్‌లో ఉండాల్సిన రోజులు తగ్గుతాయి" అని అమ్మడం మాత్రం పచ్చి మోసం.

ఇంట్లోనే ఆక్సిజన్ తగ్గించే నిజమైన పరికరాలు లేకపోలేదు. యంత్రంతో గాలిలో ఆక్సిజన్ శాతాన్ని తగ్గించి, ఆ గాలిని గుడారంలోకి పంపితే అందులో పడుకోవాలి. వాటి ఖరీదూ వేరు, వాడే పద్ధతీ వేరు. రబ్బరు మాస్క్‌కీ వాటికీ పోలికే లేదు.

ఇక ఆక్సీమీటర్. నన్ను నిజంగా భయపెట్టింది ఇదే.

మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు ఫుల్ మారథాన్‌కి పేరిచ్చాడు. అతనిదీ ఇదే కిట్. ఆఫీసులో సెలవు దొరక్క, పీడీఎఫ్‌లో ఉన్న "రెండు రోజుల ప్లాన్" పట్టుకుని ఢిల్లీ నుంచి నేరుగా లేహ్‌లో దిగాడు. సాయంత్రానికి తలనొప్పి, రాత్రికి వాంతులు. వేలికి ఆక్సీమీటర్ పెట్టుకున్న ప్రతిసారీ 96 చూపించింది. 96 ఉందంటే ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు కదా, ప్రయాణం బడలికేమోలే అని పడుకోబోయాడు. హోటల్ ఓనర్‌కి అనుమానం వచ్చి తన దగ్గరున్న ఆక్సీమీటర్ తెచ్చి పెట్టాడు. 71. అప్పటికప్పుడు బండి తీసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. రేసు మాట మరిచిపొమ్మని డాక్టర్ ఖచ్చితంగా చెప్పి కిందికి పంపించేశారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

మర్నాడు నా కిట్‌లోని ఆక్సీమీటర్ తీసి ఒక పెన్సిల్‌కి పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది, క్షణం ఆగింది, తర్వాత 96 అని చూపించింది. పల్స్ 78. తీసి మళ్లీ పెడితే 97. పెన్సిల్‌కి నాడి ఎక్కడుంటుంది? వీడియో తీసి పెట్టుకున్నాను. కొలవకుండానే అంకెలు వేసే బొమ్మ అది. ఎత్తు ప్రదేశంలో ఒంట్లో బాగోలేనప్పుడు మనం ఆధారపడేదే ఆ అంకె మీద, అదే అబద్ధం చెబితే మనిషి ఏమైపోవాలి?

మీ దగ్గరున్నది ఏ కంపెనీదైనా సరే, ఇవాళే పెన్సిల్ పెట్టి చూడండి. అంకె వస్తే దాన్ని నమ్మకండి. పెన్సిల్ పరీక్షలో నెగ్గినంత మాత్రాన మంచిదని కాదు. మీ డాక్టర్ క్లినిక్‌లో ఉన్నదాంతో పక్కపక్కనే పెట్టి పోల్చుకోండి. మన దేశంలో ఆక్సీమీటర్ వైద్య పరికరాల కిందికి వస్తుంది. డబ్బా మీద తయారీ లేదా దిగుమతి లైసెన్స్ నంబరు, తయారీదారు పూర్తి చిరునామా ఉండాలి. నాకు వచ్చిన డబ్బా మీద చేతిలో గుండె పట్టుకున్న బొమ్మ తప్ప ఇంకేమీ లేదు.

ఆక్సిజన్ డబ్బా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పది లీటర్లు అని రాసుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పైగా అలాంటి డబ్బాలను విమానంలో ఎక్కించనివ్వరు. మనలో ఎక్కువమంది లేహ్ వెళ్లేదే విమానంలో. తీసుకెళ్లలేని వస్తువుని కిట్‌లో పెట్టి అమ్మారు.

పీడీఎఫ్ ప్లాన్‌లో డయామాక్స్ (ఎత్తుకి వెళ్తే వచ్చే జబ్బు రాకుండా వాడేవి) మాత్రలు ఎన్ని వేసుకోవాలో కూడా రాసేశారు. అది డాక్టర్ రాసివ్వాల్సిన మందు. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. ఎవరో తెలియని అమ్మకందారు పీడీఎఫ్‌లో చూసి వేసుకోకండి, దండం పెట్టి చెబుతున్నాను.

డబ్బు వెనక్కి అడిగితే ఏమైందో కూడా వినండి. మొదట "మాస్క్ వాడేశారు, హైజీన్ రూల్ ప్రకారం రిటర్న్ లేదు" అన్నారు. పెన్సిల్ వీడియో పంపితే రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఆ వెంటనే నన్ను బ్లాక్ చేశారు. వాళ్ల సైట్‌లో చిరునామా లేదు, ఫిర్యాదుల అధికారి పేరు లేదు, ఉన్నదల్లా ఒక వాట్సాప్ నంబరు. కార్డు తీసుకోరు, యూపీఐ మాత్రమే. కార్డుతో కడితే బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడిగే వీలుంటుంది. యూపీఐలో ఆ దారి అంత సులువు కాదు, అది అమ్మేవాళ్లకూ తెలుసు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు తమ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. తప్పుదారి పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారే పది లక్షల దాకా జరిమానా వేయగలదు. ఇలాంటి అమ్మకాలు ఆగాలంటే ఆ దెబ్బే పడాలి. అందుకు ఒక్కడి ఫిర్యాదు సరిపోదు.

ఈ డబ్బు మీ దగ్గర ఇంకా ఖర్చు కాకుండా ఉంటే, లేహ్‌లో అదనంగా ఉండే రాత్రులకు పెట్టండి. 14,500తో మామూలు గెస్ట్‌హౌస్‌లో చాలా రోజులు గడుస్తాయి. ఖర్దుంగ్ లా రన్నర్లు ముందుగానే లేహ్ చేరాలని నిర్వాహకులు పట్టుబట్టేది ఊరికే కాదు. దిగిన మొదటి రెండు రోజులు గదిలో విశ్రాంతి, నీళ్లు, వేళకు అన్నం. మద్యం జోలికి పోవద్దు. తర్వాత శాంతి స్తూపం మెట్లు నెమ్మదిగా ఎక్కండి, ఆ తర్వాతే చిన్న జాగింగ్. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తుని రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గుతో నురగ పడుతున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా అంకెల కోసం చూడకండి. వెంటనే కిందికి దిగాలి, ఆసుపత్రికి వెళ్లాలి. తగ్గుతుందేమో చూద్దామని గదిలో ఒక్కరే ఉండిపోవద్దు.

ఇక్కడి నుంచి చేసుకోగలిగింది కాళ్లని సిద్ధం చేసుకోవడం, అది బాగా చేయండి. ట్రెడ్‌మిల్‌ని ఐదారు శాతం వాలులో పెట్టి ఎక్కువసేపు నడవండి, పరిగెత్తండి. హైదరాబాద్‌వాళ్లకు ఖాజాగూడ, అనంతగిరి ఉన్నాయి. వైజాగ్‌వాళ్లకు కైలాసగిరి రోడ్డు, సింహాచలం మెట్లు ఉన్నాయి. మదనపల్లె వైపు వాళ్లకు హార్సిలీ హిల్స్ ఉండనే ఉంది. ఎక్కుడులో వేగంగా నడవడం కూడా ట్రైనింగే. ఎక్కే దారిలో కనుమకి ముందొచ్చే నార్త్ పుల్లు దాటాక ఎంత గట్టి రన్నరైనా నడకకి దిగాల్సిందే, నేనూ అలాగే ఎక్కాను. కాసేపు పరుగు, కాసేపు నడక, మళ్లీ ఆగి రెండు గుక్కల నీళ్లు. ముందే వచ్చి లేహ్‌లో ఉన్న రోజులే నన్ను కనుమ దాటించాయి. దిగుడులో తొడలు పట్టేస్తాయి, కాబట్టి ప్రాక్టీసులో కొండ దిగడానికీ సమయం పెట్టండి.

అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా పేరు మార్చి కొత్త పేజీతో వస్తున్నారని గ్రూపులో ఇప్పటికే ఇద్దరు ముగ్గురు చెప్పారు. కాబట్టి పేరుని కాదు, మాటని పట్టుకోండి: "లేహ్‌లో తక్కువ రోజులు చాలు" అని ఎవరు చెప్పి ఏది అమ్మినా కొనకండి. ఇలాంటి కిట్ ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బా, పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్, వాళ్ల ప్రకటన వీడియో అన్నీ దాచిపెట్టండి. ఆక్సీమీటర్‌కి పెన్సిల్ పెట్టి వీడియో తీయండి. తీశాక 1915కి ఫోన్ చేయండి. నా ఫిర్యాదు ఎలా రాశానో నమూనా కావాలంటే అడగండి, పంపిస్తాను.