కట్టించిన ఇంజన్, మార్చిన క్రౌన్ పినియన్: మహీంద్రా ఎంఎం 540 జీపు గురించి

మా మహీంద్రా ఎంఎం 540 జీపుకు ఇంజన్ దింపి పూర్తిగా కట్టించి, గేరుబాక్సు, హై-లో గేరు పెట్టె (ముందు, వెనుక ఇరుసులకు బలాన్ని పంచే పెట్టె), రెండు ఇరుసులూ విప్పించి బాగుచేయించిన తరువాత, కొన్నేళ్ళుగా దానిని కడప చుట్టుపక్కల అన్ని రకాల దారుల్లోనూ నడుపుతున్నాను. వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఇసుక, జమ్మలమడుగు వైపు వానకు నానిన నల్లరేగడి, రాయచోటి దారిలో గువ్వలచెరువు కనుమ — పాత ఫోర్ వీల్ బండి సత్తా తెలియడానికి ఈ మూడు చాలు. పాత జీపు బాగుచేయించాలనుకునేవారు ముందుగా పెద్ద ఇంజన్ గురించే అడుగుతారు. ఉన్న ఇంజన్‌నే కంపెనీ కొలతలకు తెచ్చి, మిగిలిన డబ్బును రేడియేటరు మీద, ఇరుసుల మీద పెట్టడమే మన ప్రాంతానికి తగినదని వాడకంలో నాకు రూఢి అయింది.

ఈ జీపులో ఉన్నది ప్యూజో వారి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్. బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 83 మిల్లీమీటర్లు, మొత్తం 2,112 సీసీ. ఇదే కుటుంబానికి చెందిన 2,498 సీసీ ఎక్స్‌డీ3పీ ఇంజన్ కూర్చోబెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు మారితే రవాణా శాఖ అనుమతి, ఆపై రెన్యువల్ సమయంలో ప్రశ్నలు తప్పవు; మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే చెబుతుంది. అంతకంటే ముఖ్యంగా, అదనపు బలం వచ్చి పడేది పాత గేరుబాక్సు మీద, అరిగిన ఇరుసుల మీద కాబట్టి నేను ఆ ఆలోచన పెట్టుకోలేదు.

ఎక్స్‌డీపీలో లైనర్ల (పిస్టన్లు లోపల కదిలే గొట్టాల) బయటివైపు నేరుగా నీళ్ళు తాకుతుంటాయి. అందువల్ల బ్లాకును బోరు చేయించే పని లేకుండా కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు సెట్టుగా వేసుకోవచ్చు. కాకపోతే ప్రతి లైనరు బ్లాకు పైతలం కంటే వెంట్రుకవాసి ఎత్తున నిలవాలి, నాలుగూ ఒకే ఎత్తున ఉండాలి. మా మేస్త్రీ డయల్ గేజీ పెట్టి ఒక్కొక్క లైనరునూ నాలుగు వైపులా కొలిచి, తేడా వచ్చినదానిని తీసి, కింద కూర్చునే అంచును మళ్ళీ శుభ్రం చేసి వేశారు. ఆ ఓపిక లేని చోట ఇంజన్ కట్టించుకోకపోవడమే మంచిది, ఎందుకంటే లైనరు దిగబడి ఉంటే హెడ్డు గాస్కెట్టు ఎక్కువ కాలం నిలవదు. క్రాంకు గ్రైండింగ్, హెడ్డు పగుళ్ళ పరీక్ష, పంపు కాలిబ్రేషన్, కొత్త నాజిళ్ళు అందరూ చేయించేవే.

వేసవిలో నలభై మూడు డిగ్రీలు దాటే ఊళ్ళో ఇంజన్ ఆయుష్షు రేడియేటరు చేతిలో ఉంటుంది. నేను గొట్టాలు ఒక వరుస అదనంగా ఉన్న రాగి కోరు వేయించి, ఎప్పుడో తీసి పారేసిన ఫ్యాను చుట్టు రేకును మళ్ళీ పెట్టించాను. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. లైనర్లకు నేరుగా తగిలే నీళ్ళు అవే అయితే లోపల పొర కట్టి వేడి బయటికి పోదు. కాబట్టి శుద్ధి చేసిన నీళ్ళలో కూలెంటు కలిపి తప్ప మరొకటి పోయడం లేదు. మే నెల మధ్యాహ్నం నలుగురు మనుషులతో, వెనుక ఎరువు బస్తాలతో గువ్వలచెరువు ఎక్కితే ఇంజన్ వేడి చూపే ముల్లు ముప్పావు వరకు వెళ్ళి అక్కడే నిలుస్తుంది. మునుపైతే సగం కనుమలోనే బండి పక్కకు ఆపి బానెట్టు ఎత్తవలసి వచ్చేది.

ఇక ఇరుసులు. ఇరుసు నడుమ ఉండే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్, దానిని తిప్పే చిన్నది పినియన్. విప్పి లెక్కపెడితే క్రౌన్‌కు 43, పినియన్‌కు 8 పళ్ళు ఉన్నాయి. అంటే నిష్పత్తి దాదాపు 5.38. టాప్ గేరులో, 235/75 ఆర్15 టైర్లతో గంటకు 80 కిలోమీటర్ల వేగానికి ఇంజన్ నిమిషానికి సుమారు 3,100 చుట్లు తిరగాలి. 39కి 8, అంటే 4.88 వేయించాక అదే వేగానికి 2,800 దగ్గర సరిపోతోంది. ముందు, వెనుక ఇరుసులు రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన మరుక్షణం నుంచి గేరు పెట్టె, షాఫ్టులు ఒకదానినొకటి మెలిపెట్టుకుంటాయి. బిగింపు రోజున మేస్త్రీ పళ్ళకు రంగు పూసి చక్రాన్ని చేత్తో తిప్పారు. అచ్చు పంటి అంచున పడితే విప్పడం, సిమ్ము (సందు సరిచేసే పలుచని రేకు) మార్చడం, మళ్ళీ తిప్పడం. చివరికి పంటి నడుమ కోలగా, స్పష్టంగా అచ్చు పడే దాకా వదలలేదు. ఈ రోజుకీ ఆ ఇరుసుల్లో ఏడుపు శబ్దం లేదు.

నిష్పత్తి తగ్గితే లాగే శక్తి దాదాపు తొమ్మిది శాతం తగ్గుతుందన్నది నిజమే. రోడ్డు మీద నాకది పెద్దగా తెలియలేదు. పాపాఘ్ని ఇసుకలో మాత్రం, మునుపు హై గేరులోనే దాటిన చోట ఇప్పుడు ముందే లో గేరు వేసుకోవాలి. లో గేరు బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు పెంచుతుంది కనుక, టైర్లలో గాలి తగ్గించి నిదానంగా పోతే ఎక్కడా దిగబడలేదు. హై-లో పెట్టెలో మధ్య షాఫ్టు, నీడిల్ బేరింగులు, థ్రస్టు వాషర్లు కొత్తవి వేయించాక లో గేరు జారిపోవడం ఆగింది. పెట్టె గరగర తగ్గింది కానీ పూర్తిగా పోలేదు; ఆ పాత పళ్ళతో అంతకంటే ఆశించలేం.

మైలేజీ లీటరుకు తొమ్మిది, పది నుంచి పదకొండు, పన్నెండుకు పెరిగింది. ఆయిలు మార్పిడికీ మార్పిడికీ నడుమ పోయవలసిన అవసరం రావడం లేదు. అసంతృప్తి ఆయిల్ సీళ్ళ విషయంలోనే. ఒక దుకాణంలో అసలువని ఇచ్చిన పినియన్ సీళ్ళు తొలి వేసవికే గట్టిపడి కారాయి, రెండోసారి కూలి కూడా మీద పడింది. ముందు చక్రాలను షాఫ్టు నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్బులు ఇంకా వేయించలేదు. టూ వీల్‌లో వెళ్ళేటప్పుడు కూడా ముందు షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉంది, అవి దొరికితే ఆ అరుగుదల తగ్గుతుంది. పాత సామాను అంగళ్ళలో ఇరుసులు కొనేవారు అమ్మేవాడి మాట మీద ఆధారపడకుండా, వెనుక మూత విప్పించి క్రౌన్ మీద చెక్కిన పళ్ళ లెక్క చదివి, అంచులు చిట్లాయేమో వేలితో తడిమి చూసి, ఆ తరువాతే బేరం మొదలుపెట్టాలి.