ఆదివాసీ జుట్టు నూనె: కాచే చెయ్యి మంచిదే, చెప్పే మాటలే ఎక్కువ

రీల్స్‌లో మోకాళ్ల దాకా జుట్టున్న వాళ్లు అమ్మే నూనె ఎలా ఉందని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అడుగుతూనే ఉన్నారు, అందుకే రాస్తున్నా. నేను ఆన్‌లైన్‌లో కొనలేదు. బెంగళూరు బన్నేరుఘట్ట రోడ్డు పక్కన స్టవ్వు పెట్టుకుని కాచి అమ్మే, హక్కిపిక్కి అనే గిరిజన తెగ ఆవిడ దగ్గర కొన్నాను. అర లీటరు ఆరు వందలు చెప్పి, నాలుగు వందల యాభైకి దిగింది.

సరుకంతా కళ్లముందే పడుతుంది, అది నచ్చింది. కొబ్బరినూనెలో గుంటగలగరాకు, కరివేపాకు, మందార పూలు, మెంతులు, ఉసిరి ముక్కలు వేసి, ఆకు కరకరలాడేదాకా సన్న సెగ మీద ఉంచింది. చివర్లో రతన్‌జోత్ వేరు వెయ్యగానే నూనె బీట్‌రూట్ రసంలా ఎర్రబడింది. "రంగు చూసే కొంటారక్కా. పనిచేసేది ఆకే" అని తనే నవ్వేసింది. ఆ మాటకే ఒక స్టార్ ఎక్కువ వేస్తున్నా.

కొడుకుతో తమ భాష వాగ్రిలో, పక్క బండివాడితో కన్నడంలో మాట్లాడుతున్న మనిషి, నాది అనంతపురం అనగానే తెలుగులోకి దిగింది. తాతల కాలంలో వీళ్ల బతుకు పిట్టలు పట్టడం, వేట. 1972 వన్యప్రాణి చట్టంతో అది నేరమైంది. అడవి తిరిగిన వాళ్లకి మూలికలు ఎలాగూ తెలుసు, అవే కూడు పెట్టాయి. వీళ్లలో చాలామంది ఆఫ్రికా దేశాలకి కూడా వెళ్లి అమ్ముతారు. 2023 ఏప్రిల్‌లో సుడాన్ యుద్ధంలో చిక్కుకుని, మన ప్రభుత్వం చేపట్టిన ఆపరేషన్ కావేరిలో తిరిగొచ్చిన వాళ్లలో వీళ్లూ ఉన్నారు. అంత జరిగాక కూడా ఎందుకు వెళ్తారంటే, "అక్కడ మందని కొంటారు, ఇక్కడ బేరమాడతారు" అంది. నాకు చురుక్కుమంది గానీ, మిగతా డబ్బులు ఇవ్వలేదు.

ఇక పనితనం. మాడు దురద, పొడిబారడం బాగా తగ్గాయి. రాత్రి మర్దనా చేసుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. జుట్టు రాలడం మాత్రం అలాగే ఉంది. మా ఆయన నడినెత్తి మీద ఒక్క వెంట్రుకా మొలవలేదు. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకి ఏ నూనే పనిచెయ్యదు. రాలడం మరీ ఎక్కువైతే ముందు థైరాయిడ్, ఐరన్ టెస్టులు చేయించుకోండి. మెంతుల వాసన వల్ల ఆఫీసుకి రాసుకెళ్లలేం. దిండు గలీబులకి ఎర్ర మరకలు అదనం.

పక్క ఫ్లాట్ అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన సీసా మీద నూటెనిమిది మూలికలని ఉంది, లైసెన్సు నంబరు, తయారీ తేదీ లేవు. దానికంటే ఇది వెయ్యి రెట్లు నయం.

షుగర్‌కి, మోకాళ్లకి కూడా వేర్లు ఇస్తానంది. మా అత్తయ్య బీపీ మాత్రలు వేసుకుంటారు కాబట్టి వద్దన్నాను. వెళ్తే పొద్దున్నే వెళ్లండి, సాయంత్రమైతే మిగిలిన సీసాలే అంటగడుతుంది.